ఈ సీజన్‌లో మా బోటు మీద ఏ చేపలు దొరుకుతాయి, ఏవి వెనక్కి వెళ్తాయి

మా బోటులో గాలం వేటకు వచ్చే అందరికీ నమస్కారం. ఈ సీజన్ నుంచి లోతు నీళ్లలో అడుగు వేట (గాలాన్ని సముద్రం అడుగుకి దించి పట్టడం) విషయంలో ఒక మార్పు చేస్తున్నాం. కొందరికి ఇది నచ్చకపోవచ్చు. తీరా బోటెక్కాక తెలిసి బాధపడే కన్నా, బుక్ చేసుకునే ముందే తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను.

30 మీటర్లు, అంతకు మించిన లోతులో గ్రూపర్, స్నాపర్ పడుతున్నప్పుడు, మీరు ఇంటికి తీసుకెళ్లడానికి సరిపడా చేపలు దొరకగానే అక్కడ గాలాలు పైకి తీసేస్తాం. "ఇంకో గంట సరదాగా పట్టి వదిలేద్దాం" అంటే బోటు నడిపే మా సరంగు ఒప్పుకోడు. నేనే వద్దని చెప్పాను. బాగా పెద్ద గ్రూపర్ పడితే ఫొటో తీసుకున్న వెంటనే దాన్ని మళ్లీ అడుగుకి పంపేస్తాం.

పట్టి వదిలేస్తే చేపకి ఏమీ కాదని చాలామంది అనుకుంటారు. తీరం దగ్గర తక్కువ నీళ్లలో అది చాలావరకు నిజమే. లోతులో పరిస్థితి వేరు. ప్రతి 10 మీటర్లకు నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. గ్రూపర్, స్నాపర్ ఒంట్లో గాలితిత్తి ఉంటుంది, నీళ్లలో తేలడానికి సాయపడే గాలి సంచి అది. 30 మీటర్ల నుంచి పైకి లాగితే అందులోని గాలి నాలుగు రెట్లు వ్యాకోచించాలని చూస్తుంది. మీలో చాలామంది ఇది చూసే ఉంటారు: మొదట గట్టిగా పోరాడిన చేప, ఆఖరి కొన్ని మీటర్లలో పోరాటం మానేసి తనంతట తానే తేలుతూ వస్తుంది. కళ్లు ఉబ్బి ఉంటాయి. నోట్లోంచి గులాబీ రంగు తిత్తి ఒకటి బయటికి వస్తుంది. అది గాలితిత్తి అనుకుని కొందరు సూదితో పొడుస్తారు. నిజానికి అది చేప పొట్ట. దయచేసి పొడవకండి. అలాంటి చేపని ఊరికే నీళ్లలో వదిలితే కిందికి దిగలేదు, వెల్లకిలా తేలుతూ పక్షులకో సొరలకో దొరికిపోతుంది.

అందుకే బోటు మీద బరువు కట్టిన క్లిప్పులు పెట్టాం. కింది దవడకి క్లిప్పు తగిలించి దించితే, లోతుకి వెళ్లేకొద్దీ ఒత్తిడికి గాలి మళ్లీ కుంచించుకుపోతుంది. అడుగుకి చేరాక క్లిప్పు విడిపోతుంది, చేప ఈదుకుంటూ పోతుంది. ఇలా చేస్తే బతికే అవకాశం బాగా పెరుగుతుంది, కానీ అన్నీ బతుకుతాయని మాత్రం చెప్పలేను. కాబట్టి అసలు తక్కువ చేపల్ని పైకి లాగడమే మేలు.

పెద్ద గ్రూపర్‌ని వదిలేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. చాలా గ్రూపర్ జాతులు మొదట ఆడవిగా ఎదిగి గుడ్లు పెడతాయి. కొన్నేళ్లకి వాటిలో కొన్ని మగవిగా మారతాయి. అంటే ఒక రాళ్ల గుంపు దగ్గర అన్నిటికన్నా పెద్దగా ఉన్న చేప సాధారణంగా మగది. అలాంటి వాటినే ఏరి పట్టుకుపోతే మిగిలిన ఆడ చేపల సంగతేంటి? ఇవి ఊరికే తిరిగే చేపలు కావు, ఏళ్ల తరబడి ఒకే చోటు పట్టుకుని ఉంటాయి. అక్కడ ఖాళీ అయితే మళ్లీ నిండటానికి చాలాకాలం పడుతుంది. పండుగప్పది దీనికి తిరగబడిన లెక్క. మొదట మగవి, పెద్దయ్యాక ఆడవి. పెద్ద పండుగప్ప అంటే గుడ్లు పెట్టే తల్లి. కాబట్టి నదీముఖాల దగ్గర పడే మరీ పెద్దవాటిని కూడా వదిలేస్తాం.

అడుగు వేట తగ్గితే మిగిలిన టైములో ఏం చేస్తాం అంటారా? బోటు నడిపిస్తూ వెనక ఎర లాగుతాం. నన్నడిగితే అసలు మజా అక్కడే ఉంది. వంజరం పడే పద్ధతి అదే. దానికి గాలితిత్తి ఉండదు, అందుకే పైకీ కిందికీ ఎంత వేగంగానైనా దూసుకుపోతుంది. పళ్లు కత్తెరలా పనిచేస్తాయి. మామూలు నైలాన్ దారం ఒక్క కొరుకుతో తెగిపోతుంది, కాబట్టి గాలం ముందు జానెడు స్టీలు తీగ కడతాం. ఎరని సగానికి కొరికి తోక భాగం తీసుకుపోవడం దీనికి అలవాటు, అందుకని తోక దగ్గర రెండో గాలం కూడా పెడతాం. తగిలిన వెంటనే రీల్ బిగించకండి. ఆ మొదటి పరుగు పోనివ్వాలి. అక్కడ తొందరపడితే దారమో గాలమో ఏదో ఒకటి పోతుంది.

ఇదే పద్ధతికి ట్యూనా, బారకుడా, మహి మహి కూడా పడతాయి. ట్యూనాకి ఊపిరి ఆడాలంటే ఈదుతూనే ఉండాలి. వదలాలనుకుంటే ఫొటోల కోసం ఆపకుండా, తల ముందుగా నీళ్లలోకి దూకించండి. నీటి పైన టేకు చేప కనిపిస్తే కేకేయండి. దాని వెనకే కోబియా అనే పెద్ద చేప తిరుగుతూ ఉండొచ్చు. కొమ్ముకోనెం తగిలితే అదృష్టమే, కానీ బోటు మీదికి ఎత్తం. నీళ్లలో ఉండగానే గాలం తీసి వదిలేస్తాం. బలం ఎక్కువ ఉన్నవాళ్లు పారల కోసం అడగండి. పెద్ద జాతి పార 50 కిలోలు కూడా దాటుతుంది, తగిలిందంటే నేరుగా రాళ్ల వైపే లాక్కెళ్తుంది.

పిల్లలతో వచ్చేవాళ్లకి తీరం దగ్గర ట్రిప్పే నయం. కానాగంతలు, గులివిందలు, గొరకలు అయితే పిల్లలకి విసుగు పుట్టకుండా పడుతూ ఉంటాయి. జెల్ల పడితే మాత్రం ముట్టుకోవద్దు, రెక్కల దగ్గర విషపు ముళ్లుంటాయి. మా కళాసీ తీస్తాడు. ఉబ్బిపోయే పఫర్ చేప ఏదైనా సరే వెంటనే వెనక్కి. దాని విషం ప్రాణం తీస్తుంది, వండినా పోదు.

ఫలానా చేప గ్యారెంటీ అని ఎవరికీ మాటివ్వను. నీళ్లు తేటగా నీలంగా ఉంటే వంజరం, ట్యూనా మీద ఆశ పెట్టుకోవచ్చు. వానల తర్వాత నదుల బురద కలిసిందంటే ఆ రోజు ఎక్కువగా గొరకలూ జెల్లలే. ఆ రోజు నీళ్లెలా ఉన్నాయో బయల్దేరే ముందే చెప్తాను. వాయిదా వేసుకుంటానంటే ఏమీ అనుకోను.

ఐస్ మేమే తెస్తాం. ట్యూనా, వంజరం, కానాగంత, మహి మహి పట్టగానే నెత్తురు కార్చి ఐస్‌లో పెట్టేస్తాం. ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే, తిన్నవాళ్లకి జబ్బు చేసే పదార్థం పెరుగుతుంది, ఎంత వండినా అది పోదు. బోటు దిగాక ఆ బాధ్యత మీది. ఇంటికి దూరం ఎక్కువైతే మీ ఐస్ పెట్టె కూడా వెంట తెచ్చుకోండి. బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు చెప్పండి చాలు: ఎంతమంది వస్తున్నారు, పిల్లలున్నారా, తినడానికి ఎన్ని చేపలు కావాలి. ఆ చివరిదాన్ని బట్టే అడుగు వేట ఎంతసేపో నిర్ణయిస్తాం.