ఈ ఆదివారం సినిమా: ద శాండ్ పెబుల్స్

అందరికీ నమస్కారం. ఈసారి చూడబోయేది 1966లో రాబర్ట్ వైజ్ తీసిన 'ద శాండ్ పెబుల్స్'. నిడివి మూడు గంటలు, అందుకే సాయంత్రం 5కే మొదలుపెడదాం.

కథ 1926 నాటి చైనాలో జరుగుతుంది. జాతీయవాదుల సైన్యం ఉత్తరానికి కదులుతోంది, విదేశీయుల మీద జనం కోపం రగులుతోంది. యాంగ్‌ట్సీ నది మీద గస్తీ తిరిగే చిన్న అమెరికన్ యుద్ధ నౌక శాన్ పాబ్లో ఆ మంటల మధ్య ఇరుక్కుంటుంది. అందులో ఇంజిన్ చూసుకునే నావికుడు స్టీవ్ మెక్వీన్. ఆయనకు ఆస్కార్ నామినేషన్ తెచ్చిన ఒకే ఒక్క సినిమా ఇది.

యుద్ధం సీన్లకన్నా నాకు ఇష్టమైనవి, చైనా కూలీ పో-హాన్‌కి ఆయన ఆవిరి ఇంజిన్ గురించి నేర్పే సీన్లు. భాష అంతంతమాత్రమే, అయినా ఇద్దరి మధ్య స్నేహం ఎంత సహజంగా పెరుగుతుందో చూడండి! పో-హాన్‌గా మాకో అనే నటుడి నటన కంటతడి పెట్టిస్తుంది. తోటి నావికుడు ఫ్రెంచీ పాత్రలో కనిపించే రిచర్డ్ అటెన్‌బరోనే తర్వాత 1982లో 'గాంధీ' తీశారు.

పో-హాన్ కథ ముగిసే చోటు చాలా కలచివేస్తుంది. చిన్నపిల్లల్ని దయచేసి పక్కన కూర్చోబెట్టుకోకండి.