లండన్ సంగతి తర్వాత, ముందు చెన్నై పంపండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలను లండన్ నుంచి వెనక్కి తేవాలన్న మాట మన పత్రికల్లో అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. తేగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది? కానీ పొద్దున విజయవాడలో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చేరే చెన్నైలో ఉన్నవాటిని ఆ మాట అనేవాళ్ళలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే. నేను పల్నాడు జిల్లా అమ్మాయిని, ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. శాతవాహనుల శిల్పకళ మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, మొన్నమొన్నటిదాకా నేను చూసింది పాఠ్యపుస్తకంలోని మసకబారిన చిన్న చిన్న ఫొటోలే. ఈమధ్యే చెన్నై ఎగ్మోర్‌లోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్ళి వాటిని కళ్ళారా చూసి వచ్చాను. ఆ ప్రయాణం అంత కష్టం కానక్కర్లేదని చెప్పడానికే ఈ ఉత్తరం.

కాలేజీ నుంచి టూర్ వేస్తారేమోనని ముందు అడిగాను. "ఆడపిల్లల బాధ్యత ఎవరు తీసుకుంటారమ్మా" అన్నారు. అసలు టూర్లే లేవా అంటే, ఉన్నాయి. అరకు, ఊటీ వెళ్ళొచ్చిన బ్యాచ్‌లు ఉన్నాయి. అక్కడికి తీసుకుపోయిన బాధ్యత చెన్నైకి ఎందుకు బరువైందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఇంట్లో నాన్న అయితే "రాళ్ళు చూడ్డానికి ఒక్కదానివే అంత దూరమా" అని రెండు రోజులు మాట్లాడలేదు. రిజర్వేషన్ వెయిటింగ్ లిస్టు దాటలేదు. జనరల్ బోగీలో నెల్లూరు దాకా బాత్రూమ్ పక్కన బ్యాగు మీద కూర్చుని వెళ్ళాను. ఇదంతా ఎవరికైనా ఉండేదే అనుకుందాం. అసలు టెన్షన్ బస దగ్గర వచ్చింది. ఫోన్ చేసిన లాడ్జీలవాళ్ళు, ఒంటరి ఆడపిల్ల అనగానే "ఇవ్వం" అని పెట్టేశారు. క్లాస్‌మేట్ వాళ్ళ పెద్దమ్మ పెరంబూరులో ఉండబట్టి బతికిపోయాను. చెన్నైలో పెద్దమ్మ లేని విద్యార్థిని ఏం చేయాలి?

ఊరు మాత్రం అనుకున్నంత కంగారు పెట్టలేదు. సెంట్రల్ స్టేషన్ బయట ఆటో అతను 200 రూపాయలు అడిగితే, పక్కనే ఉన్న మహిళా కానిస్టేబుల్ నన్ను తెలుగులోనే ఆపి, సబ్‌వే దాటి పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలు ఎక్కమంది. తర్వాతి స్టాపే ఎగ్మోర్. టికెట్ 5 రూపాయలు. అక్కడి నుంచి పాంథియన్ రోడ్డులోని మ్యూజియానికి నడిచిపోవచ్చు.

ఇక మ్యూజియంలో ఆ శిల్పాలున్న గదిలో ఏముందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. పుస్తకంలో చదవడం వేరు, ఎదురుగా నిలబడటం వేరు. అక్కడొక గుండ్రటి ఫలకం ఉంది. ఒక పక్క మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిన పడి దొరికినవాళ్ళను దొరికినట్టు తొక్కుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వాలిపోయింది. ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ ఒకే ఫలకంలో ఉంటాయి. పైన మేడల కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నవాళ్ళను కూడా శిల్పి వదల్లేదు. కింద ప్రమాదం జరుగుతుంటే మేడ మీద నుంచి చూసే జనం దాదాపు 1,800 ఏళ్ళ కిందటా ఉన్నారన్నమాట! పాఠ్యపుస్తకంలో ఆ కిటికీలు కనపడవు. ఫొటో అంత చిన్నది.

ఇవన్నీ మా పల్నాటి సున్నపురాయే. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నం కాల్చేదీ సున్నపురాయే కాబట్టి నాకు ఆ రాయి కొత్తేం కాదు. కానీ దాని మీద వేలి గోళ్ళూ, చీర మడతలూ అంత సన్నగా పలుకుతాయని అక్కడ చూసేదాకా తెలియదు. అమరావతివే కాదు, జగ్గయ్యపేట శిల్పాలున్నాయి. మా వైపు ఊరే అయిన గోలి నుంచి వెళ్ళిన, బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటైన వెస్సంతర జాతకం ఫలకాలున్నాయి. అడిగినవాళ్ళకు లేదనకుండా ఏనుగును, చివరికి కన్నబిడ్డలను కూడా దానమిచ్చేసిన రాకుమారుడి కథ అది. గోలి మీదుగా నేను ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. అక్కడ అలాంటివి దొరికాయని మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

అవి చెన్నై చేరిన కథ కూడా విద్యార్థులకు తెలియాలి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కర్నల్ మెకంజీ అమరావతి వచ్చేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాలకు రాళ్ళ కోసం స్తూపం దిబ్బను తవ్వుతున్నారు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బయటే పడున్నాయి. వాటిలో చాలావరకు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఆ తర్వాత 1881-82లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ తవ్వకాల్లో బయటపడ్డవి మళ్ళీ మద్రాసుకే వెళ్ళాయి. అంటే పోగొట్టుకోవడంలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. దొరల్ని తిట్టి ఊరుకుంటే చరిత్ర సగమే చదివినట్టు.

తమిళనాడు మ్యూజియంలో లేబుళ్ళు తమిళంలో, ఇంగ్లీషులోనే ఉన్నాయని గొడవ పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు ఇన్నాళ్ళూ కాపాడారు, టికెట్ కొన్న ఎవరినైనా చూడనిస్తున్నారు. అడగాల్సింది మన ప్రభుత్వాన్నీ, మన విశ్వవిద్యాలయాలనూ.

డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు పెట్టారు. మంచిదే. చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివేవాళ్ళకు ఆ ప్రాజెక్టుల కింద చెన్నై మ్యూజియం యాత్రను లెక్కలోకి తీసుకుంటే చాలు. ఖర్చు భయపడేంత కాదు. 2020 మార్చిలో రైల్వే చాలా రాయితీలు ఆపేసినా విద్యార్థుల రాయితీ మాత్రం ఆపలేదు. విద్యాయాత్రకు వెళ్ళేవాళ్ళకు స్లీపర్‌లో, సెకండ్ క్లాసులో సగం ధర, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం తగ్గింపు ఉంది. పల్లెల్లోని ప్రభుత్వ పాఠశాలల పిల్లలకైతే ఏడాదికోసారి స్టడీ టూర్‌కు 75 శాతం తగ్గింపు. దీనికి కాలేజీ నుంచి కాగితం కావాలి, కౌంటర్‌లో చూపించి టికెట్ తీసుకోవాలి. నాలా సొంతంగా బయల్దేరినవాళ్ళకు అదేమీ వర్తించదు. మా క్లాసులో అడిగితే ఇలాంటి రాయితీ ఒకటుందని ఒక్కరికీ తెలియదు. ఆఫీసులో గుమస్తా గారికి తెలుసు గానీ, "ఎవరూ అడగరు కదా" అన్నారు.

బస సంగతి కూడా విశ్వవిద్యాలయాలు తలచుకుంటే తేలిపోతుంది. అక్కడి విశ్వవిద్యాలయాల హాస్టళ్ళలో గదులు అడగొచ్చు. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, మాట్లాడటానికి మనవాళ్ళే ఉన్నారు. మ్యూజియం ఆవరణలోనే 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. వెళ్ళిన పిల్లలు ఒక రోజు శిల్పాల దగ్గర, ఒక రోజు పుస్తకాల దగ్గర గడపొచ్చు. అమ్మాయిలతో ఒక మహిళా అధ్యాపకురాలిని పంపితే మా నాన్న లాంటివాళ్ళు కూడా ఒప్పుకుంటారు.

ఉన్నత విద్యామండలి ఈ విద్యా సంవత్సరంలోనే దీన్ని మొదలుపెట్టాలని కోరుతున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు, సంక్రాంతికి రైళ్ళలో చోటు దొరకదు. ఫిబ్రవరి అయితే బాగుంటుంది. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.

ఇట్లు,
ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని,
పల్నాడు జిల్లా