ఎండు చేపల ధర ఎందుకు పెంచుతున్నానంటే

అందరికీ నమస్కారమండి. ఏప్రిల్ 1 నుంచి ఎండు నెత్తళ్ళు అరకిలో 260 నుంచి 290 రూపాయలు, ఎండు రొయ్యలు పావుకిలో 260 నుంచి 295 రూపాయలు అవుతాయి. వంజరం పచ్చడి, రొయ్యల పచ్చడి ధరలు మార్చలేదు. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళకి పాత ధరకే పంపిస్తాను.

పోయిన నెల మా సోలార్ డ్రయ్యరు ఫొటో పంపి, మెల్లగా డీజిలు, గ్యాసు వాడకం తగ్గించుకోవాలని ఉందని రాశాను. దానికి కువైట్ నుంచి ఒక అన్నయ్య జవాబిచ్చారు. "చెల్లెమ్మా, మీ బోటు డీజిలుతో నడుస్తుంది కదా. నేను ఇక్కడ చమురు కంపెనీలోనే పని చేస్తున్నాను. మీ చేపలు కొనే డబ్బు కూడా అందులోంచి వచ్చిందే. మరి చమురు పోవాలంటే మనిద్దరం ఏమవుతాం?" ఆయన కోపంగా అడగలేదు. నాకు మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఆయన అన్నది నిజం. మా ఫైబర్ బోటు ఒక రోజు వేటకి ముప్పై లీటర్లు తాగుతుంది. లీటరు మీద 9 రూపాయల సబ్సిడీ పోను కూడా, చేపలు పడని రోజు డీజిలు అప్పుగానే మిగిలిపోతుంది. మా మొదటి గ్రైండరు కొన్నది మా పిన్ని కువైట్లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు.

నా పుట్టిల్లు రాజోలు దగ్గర. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావి అంటుకున్నప్పుడు నాకు ఏడేళ్ళు. 65 రోజులు మండింది. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది, మా అమ్మ మమ్మల్ని వాకిట్లో పడుకోనిచ్చేది కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి 20 మందికి పైగా పోయినప్పుడు నేను ఇటు ఉప్పాడ వైపు అత్తారింట్లో ఉన్నాను. ఫోన్లు కలవక ఆ పూటంతా ఏడుస్తూ కూర్చున్నాను. ఆ ఊళ్ళ నేల కిందనుంచి వచ్చే గ్యాసు ఎంత మందికి అన్నం పెట్టిందో, ఆ ఉదయం ఏం చేసిందో రెండూ నాకు తెలుసు.

ఇప్పుడు సముద్రం లోపలి నుంచీ వస్తోంది. గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరిన గ్యాసుకి కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం వేశారు. 2024 జనవరి 7న కాకినాడ ఎదురుగా లోతు సముద్రంలోంచి చమురు తీయడమూ మొదలైంది. మా వీధికి మాత్రం గొట్టం రాలేదు. పచ్చళ్ళు ఇప్పటికీ 19 కిలోల సిలిండరు మీదే వండుతున్నాను.

సముద్రంలో చమురు, గ్యాసు తీసే కట్టడాల చుట్టూ 500 మీటర్లలోపు బోట్లు వెళ్ళకూడదు. అది ప్రాణరక్షణ కోసమే, కాదనను. అయితే ఆ ఇనుప కాళ్ళ నీడకే చేప చేరుతుంది. మా ఆయన దూరం నుంచి చూస్తూ చుట్టు తిరిగి వస్తాడు. ఆ చుట్టుకి డీజిలు మాదే.

పైపులైను పనుల వల్ల వేట పోయినందుకు 2023 నవంబరులో కాకినాడ, కోనసీమ జిల్లాల్లో 23,458 మత్స్యకార కుటుంబాలకి నెలకి 11,500 చొప్పున ఆరు నెలలకి 69,000 రూపాయలు ఇచ్చారు. మా ఇంటికీ వచ్చింది. ఆ డబ్బుతోనే మా వల మారింది, కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ వేటకి వెళ్ళేవాళ్ళ నష్టమే లెక్క కట్టారు. చేప ఒడ్డుకి రాని రోజున కడిగేవాళ్ళకి, ఉప్పు పట్టించేవాళ్ళకి, ఎండబెట్టి తట్టల్లో ఊళ్ళకి మోసుకెళ్ళి అమ్మేవాళ్ళకి కూడా కూలి పోతుంది. నా దగ్గర పని చేసే అయిదుగురిలో ముగ్గురికి మగదిక్కు లేదు. వాళ్ళ ఇంట్లో ఏ లెక్కలోనూ ఎవరి పేరూ లేదు. మా అమ్మ నలభై ఏళ్ళు తట్ట మోసింది, ఆమె పేరు కూడా ఏనాడూ ఏ కాగితం మీదా లేదు.

అన్నయ్యా, నా భయం చమురు పోతుందని కాదు. పోయేటప్పుడు కూడా లెక్క ఇలాగే కడతారేమోనని. ఇప్పుడు తీరం పొడవునా కొత్త మాటలు వినబడుతున్నాయి. విశాఖ అవతల పూడిమడకలో హరిత హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీళ్ళ నుంచి తీసే ఇంధనం) కేంద్రానికి 2025 జనవరిలో పునాదిరాయి వేశారు. నిజంగా చమురు తగ్గాలి. ఉప్పాడలో సముద్రం వీధులకి వీధులే మింగేసింది, ప్రతి తుపానుకీ బీచ్ రోడ్డు తెగుతుంది. గోదావరి ఒండ్రు ఆనకట్టల దగ్గరే ఆగిపోవడం ఒక కారణమైతే, నీరు వేడెక్కి మట్టం పెరగడం మరొకటి. చమురు కాల్చడం ఆగకపోతే మా ఇల్లు ఉండదు. అలాగని రేపు డీజిలు ఆపేస్తే మా బోటు కదలదు. కేరళ వైకోంలో 2017 నుంచి సోలార్ పడవ జనాన్ని దాటిస్తోంది, కానీ అది కాయల్ నీళ్ళలో, అంటే అలలు లేని సరస్సులో. తెల్లవారుజామున అలల్ని చీల్చుకుని వెళ్ళి, చీకటి పడ్డాక వలతో బరువుగా వచ్చే బోటుకి సరిపోయే బ్యాటరీ మా చేతికి అందే ధరలో ఇంకా లేదు. అది వచ్చేదాకా డీజిలు సబ్సిడీ తీయకూడదు. కొత్త ఫ్యాక్టరీ ఒడ్డున పెట్టేముందు బోటు యజమానుల్నే కాదు, ఎండబెట్టే ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి అడగాలి. పరిహారం రాసేటప్పుడు వాళ్ళ పేర్లూ రాయాలి.

ఇక ధర సంగతి. పెంచిన దాంట్లో కొంత డ్రయ్యరు అప్పుకి వెళ్తుంది. ఇసుకలో మూడు రోజులు ఎండే నెత్తళ్ళు ఇందులో రోజున్నరలో ఎండుతాయి, ఇసుక పంటికి తగలదు. మబ్బు పడితే కొబ్బరి చిప్పలు కాల్చి వేడి పెడతాం. మిగతాది ఆ అయిదుగురికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోటెక్కేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 10,000 నుంచి 20,000 అయింది, సంతోషం. ఒడ్డున ఉన్నవాళ్ళకి అది రాదు. అందుకని ఈ ఏడాది నుంచి ఆ 61 రోజులూ వాళ్ళకి సగం కూలి ఇస్తున్నాను. పూర్తిగా ఇవ్వాలనుంది, ఇప్పటికి నా వల్ల కాలేదు.

నిషేధంలో తాజా సరుకు ఉండదు. మార్చిలో ఎండబెట్టినవే పంపుతాను, ప్యాకెట్టు మీద తేదీ రాస్తాను. నెత్తళ్ళు మే రెండో వారానికి అయిపోవచ్చు.

ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. కరెంటు లేదు, తర్వాత చాలా రోజులు ఎండా లేదు. ఆర్డర్లు ఆలస్యమైపోతున్నాయన్న తొందరలో సరిగా ఆరని రొయ్యలు పంపించేశాను. పద్నాలుగు మందికి వెళ్ళినవి బూజు పట్టాయి. పన్నెండు మందికి డబ్బు తిరిగి ఇచ్చాను. ఇద్దరి నంబర్లు పని చేయడం లేదు. ఆ నవంబరులో రొయ్యలు తీసుకుని పారేసినవాళ్ళు మీలో ఇంకా ఎవరైనా ఉంటే ఒక మాట పెట్టండి. ఫొటో అక్కర్లేదు, డబ్బు ఆరోజే వేస్తాను.