దోమతెరలూ, పెదనాన్నా

సోంపేట

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. జీతంలో కొంత ఆఫ్రికాలో దోమతెరలకీ, కొంత మీ పెదనాన్న డయాలసిస్ రాకపోకలకీ పంపావు. తత్వవేత్త పీటర్ సింగర్‌ని చదివాక రెండోది స్వార్థమేమోనని బెంగ పట్టుకుందన్నావు. నువ్వు పంపిన ఆ వ్యాసం డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

తూర్పు బెంగాల్ శరణార్థులు లక్షల్లో మన దేశంలోకి వస్తున్న 1971లో రాశాడట, 1972లో అచ్చయింది. దారిన పోతుంటే చెరువులో పసిపిల్ల మునిగిపోతోంది. బట్టలకి బురదవుతుందని ఎవరూ ఆగరు కదా. మరి ఆ పిల్ల పది గజాల్లో ఉంటేనేం, పదివేల మైళ్లలో ఉంటేనేం అంటాడు. గట్టు మీద ఇంకా పదిమంది ఊరికే చూస్తున్నారన్నది కూడా సాకు కాదంటాడు.

చదివినవాళ్లంతా తమని గట్టు మీదే ఊహించుకుంటారు. మనం నీళ్లలో ఉండి చూసినవాళ్లం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టేసినప్పుడు, కరెంటు లేక తాగునీటికి అల్లాడుతుంటే, ఉద్దానం ఎటుందో తెలియనివాళ్లు బియ్యం పంపారు, నీళ్లు పంపారు. ఇక్కడేమో టార్పాలిన్లు ముందు 'మనోళ్ల' ఇళ్లకే చేరాయి. అందుకే దూరం మాట దగ్గర నేను సింగర్ పక్షమే.

నువ్వు చివర్లో రాసిన ఇంకో తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ మాటా బాగుంది. భార్యా, పరాయి మనిషీ ఒకేసారి ఆపదలో ఉండి ఒకరినే కాపాడగలిగితే, భర్తకి 'ఆమె నా భార్య' అన్నది చాలు, ఇలా చేయడం న్యాయమేనా అని కూడా చూసుకున్నాడంటే ఒక ఆలోచన ఎక్కువైనట్టే అన్నాడాయన. పెదనాన్న నిన్ను భుజాన వేసుకుని బారువ సముద్రం చూపించిన మనిషి. ఆయనకి పంపడానికి సిద్ధాంతం వెతక్కు. కాకపోతే టార్పాలిన్లు పంచినవాడూ ఇదే మాట చెప్పుకునుంటాడు! ఊరి సొమ్ము పంచేవాడికి మనోళ్లు ఉండకూడదు. సొంత జేబులోంచి తీసేవాడికి ఉండొచ్చు. నా లెక్క ఇంతే.

సింగర్ దగ్గర నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆ చెరువు దగ్గర ఏం చేయాలో చూడగానే తెలుస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి దశాబ్దాలు గడిచినా ఇదీ కారణమని తేలలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు, పలాసలో ఆసుపత్రి కట్టారు, మంచిదే. కానీ ఏళ్లతరబడి రక్తం, నీళ్ల నమూనాలు పరీక్షించేవాళ్లకి ఇచ్చే రూపాయి ఎంతమందిని బతికిస్తుందో ఎవరు చెప్పగలరు? దోమతెర ధర తెలుసు, దాని కింద ఎందరు పడుకుంటారో తెలుసు. లెక్క తేలేవాటికే డబ్బంతా పోతే మనలాంటి చోట్ల గతేమిటి? ఆయన తర్వాత చాలా పుస్తకాలు రాశాడుగా, ఎక్కడైనా జవాబుంటే వెతికి రాయి.

దోమతెరలు మాత్రం మానకు. పెదనాన్నకి డబ్బు అందింది, ఆటోకి సరిపోతోందట.

మీ నాన్న