మార్చి 9 తెల్లవారుజామున అరసవల్లి ప్రయాణం

కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు లేత సూర్యకిరణాలు గుడి ముందరి అనివెట్టి మండపం దాటి అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయన్నది మీకు తెలిసిందే కనుక, ఆ దృశ్యం చూడటానికి మార్చి 9న అందరం కలిసి వెళ్లాలని నిర్ణయించాము. ఈ రెండు నెలలే ఎందుకని మన పిల్లలు అడుగుతున్నారు: వసంత విషువత్తుకు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుకు) కొన్ని రోజుల ముందు, శరద్ విషువత్తుకు కొన్ని రోజుల తరువాత సూర్యుడు దాదాపు ఒకే చోట, నడి తూర్పుకు కాస్త దక్షిణంగా ఉదయిస్తాడు.

ఆటోలు తెల్లవారుజామున 4.30కు గేటు దగ్గర సిద్ధంగా ఉంటాయి. నిరుడు మనం ఆలస్యంగా చేరి, నల్లరాతి పాదాల మీది పసిడి వెలుగుకు బదులు ముందు నిలబడిన వారి తలలు చూసి వచ్చిన సంగతి మరువవద్దు. కిరణాలు నిలిచేది కొన్ని నిమిషాలే; మబ్బు పడితే అదీ ఉండదు, అందుకు నన్ను నిందించవద్దని మనవి.

ఇంటికి ఎంతమంది వస్తారో 7వ తేదీ రాత్రిలోగా ఇక్కడే రాసి, మనిషికి 50 రూపాయల చొప్పున ఆటో ఖర్చు నాకు అందజేయండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ముందుగా చెబితే ముందు సీటు ఉంచుతాము. తిరుగు ప్రయాణంలో ఏడురోడ్ల కూడలి దగ్గర టిఫిను మాత్రం ఎవరి ఖర్చు వారిదే.