బండి నెలకి ఒక్క రోజు నాకివ్వు చిన్నా

ఒరేయ్ చిన్నా,

రాత్రి నువ్వు బాలాసోర్ దాటాక ఫోన్ చేసి మాటల మధ్యలో, బ్రేకు కొడితే లారీ కొంచెం ఎడమకి లాగుతోంది నాన్నా అన్నావు చూడు, ఆ తర్వాత నువ్వు పాప గురించి, కిస్తీ గురించి ఏం చెప్పావో నాకు సగం ఎక్కనే లేదు. చూపించకపోయావా అంటే టైం ఎక్కడుంది, వచ్చే ట్రిప్పుకి చూద్దాంలే అన్నావు. ఆ మాట విన్నాక ఇంక నిద్ర పట్టలా. ఫోన్లో చెబుదామంటే పక్కన బళ్ళ మోతకి వినపడదు, వినపడినా ఊ ఊ అని పెట్టేస్తావు, అందుకని తెల్లారకుండానే అరుగు మీద కూర్చుని టైప్ చేస్తున్నా. హౌరాలో సరుకు దిగుమతికి లైన్లో ఉంటావుగా, అప్పుడు నిదానంగా చదువుకో.

ముందు పనికొచ్చే మాట చెప్తా. ఎడమకి లాగుతోందంటే మామూలుగా కుడి ముందు చక్రం సరిగా పట్టట్లేదని. చక్రం మధ్య హబ్బు సీలు పోయి గ్రీజు బ్రేకు లైనర్ మీదకి వస్తోందేమో, లేకపోతే బ్రేకు సందు సరిచేసే స్లాక్ అడ్జస్టర్ బిగుసుకుపోయిందేమో. ఎడమది మరీ ఎక్కువ పట్టేస్తున్నా ఇలాగే లాగుద్ది. ఈ రెండిట్లో ఏదో తెలుసుకోటానికి మెకానిక్ అక్కర్లేదు. ఒక పాతిక కిలోమీటర్లు బ్రేకులు వాడుతూ వచ్చాక ఢాబా దగ్గర ఆపి, బ్రేకు డ్రమ్ముని ముట్టుకోకుండా, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి ఒక్కో చక్రం చూసుకుంటూ బండి చుట్టూ తిరిగి రా. అన్నీ ఒకే సెగలో ఉండి ఒకటి చల్లగా ఉందంటే అది పని చెయ్యట్లేదు, ఒక్కటే చెయ్యి పెట్టనీకుండా కాలుతోందంటే అది పట్టేసి వదలట్లేదు. ఏదైనా సరే దిగుమతి అవగానే ఖాళీ బండి మీదే అక్కడ విప్పించి చూపించు, రిటర్న్ లోడు ఎక్కించకముందే. ఒక పక్కకి లాగే బండిని లోడుతో 1200 కిలోమీటర్ల దాకా తోలుకురావద్దు నాన్నా. ఆ లోడు పోతే పోనీ, ఆ కిరాయి డబ్బులు నేను సర్దుతా, కిస్తీకి ఇబ్బంది పడకు.

ఇంక టైం సంగతి. నువ్వన్న మాట నేనూ ముప్ఫై ఏళ్ళు అన్నదే కాబట్టి నిన్ను తప్పు పట్టట్లేదు.

నేను క్లీనర్‌గా ఎక్కింది 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, నాకు పదహారేళ్ళు. అవనిగడ్డ వైపు బియ్యం, బట్టలు తోలే బళ్ళకి మనుషులు చాలక ఎవరు కనపడితే వాళ్ళని ఎక్కించుకున్నారు, అలా ఎక్కినవాణ్ణి మళ్ళీ దిగలా. ఆ బండి ఓనరే డ్రైవరు కూడా, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నాకు నేర్పిన మొదటి పని టైర్లు మోగించడం. పొద్దున బండి తియ్యకముందు జాకీ రాడ్డుతో ఒక్కో టైరు మీద కొట్టాలి, గాలి నిండా ఉంటే రాడ్డు ఎగిరి చేతికి తిరిగొచ్చుద్ది, ఠంగుమంటది, గాలి తగ్గితే దబ్ మని చచ్చు సౌండు. వెనక జోడు టైర్లలో లోపలిది కంటికి దొరకదు, గాలి లేకపోయినా పక్కది మోసేస్తా ఉంటది కాబట్టి చూస్తే బానే నిలబడ్డట్టు ఉంటది, చెవికి మాత్రమే తెలుస్తుంది. ఆయన నన్ను కళ్ళు మూసుకోమని ఆరు టైర్లు కొట్టించి ఏది తక్కువుందో చెప్పమనేవాడు. ఇప్పటికీ రోడ్డు మీద ఎవరన్నా టైరు కొడుతుంటే నా చెవి అటే పోతుంది.

అంత నేర్చుకున్నవాణ్ణే, 1991లో సొంతంగా సెకండ్ హ్యాండ్ టాటా 1210 లారీ కొన్నాక అన్నీ పక్కన పెట్టా. ఎందుకంటే అప్పుడు బండి నాది, అప్పూ నాదే. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు వడ్డీ నా నెత్తిన. గ్రీజు కొట్టించాలి అనుకునేసరికి బుకింగ్ ఆఫీసు నుంచి కబురొచ్చేది, లోడు రెడీ, నువ్వు రాకపోతే ఇంకో బండి పెడతాం అని. సరే ఈ ట్రిప్పు అయ్యాక చూద్దాం అనుకునేవాణ్ణి. 1996 సంక్రాంతి ముందు హబ్బుల్లో గ్రీజు మార్చాల్సింది రెండు నెలలు అలాగే జరిపా. విశాఖపట్నం నుంచి వస్తున్నా, భోగి ముందు రోజు, ఎలమంచిలి దాటాక వెనక కుడి చక్రం దగ్గర కాలిన గ్రీజు వాసన వచ్చింది. ఆ వాసన నీకు ఇంకా తెలిసుండదు, తెలియకూడదు కూడా. దిగి చూస్తే హబ్బు మీద నీళ్ళు పోస్తే చుయ్యిమంటున్నాయి. బేరింగు నలిగిపోయి ముక్కలైంది. ఇంకో పది కిలోమీటర్లు తోలుంటే చక్రమే ఊడిపోయేది. క్లీనర్ బస్సెక్కి అనకాపల్లి వెళ్ళి బేరింగు తెచ్చేసరికి రాత్రయింది, పండగకి మెకానిక్కులు ఊళ్ళకి పోయారు, నేనూ వాడూ టార్చిలైటు నోట్లో పెట్టుకుని విప్పుకున్నాం.

ఆ ఏడు నీకు భోగిపళ్ళు పోశారు. నాలుగేళ్ళవాడివి. మీ అమ్మ రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, చిల్లర పైసలు అన్నీ కలిపి పెట్టి, నాన్న వచ్చాక పోద్దాం అని దీపాలు పెట్టే వేళ దాకా కూర్చోబెట్టిందంట, నువ్వు పీట మీదే నిద్రపోతే మీ మేనత్త నిద్రలోనే పోసేసింది. నేను వచ్చేసరికి నీ జుట్టులో ఒక పూరేకు ఉంది. దీన్ని ఇన్నేళ్ళు నీకు చెప్పలేదు, ఎందుకో చెప్పాలనిపించలేదు.

ఆ తర్వాత బండిని వదల్లేదు నేను. కానీ అప్పుడు ఇంకో తప్పు చేశా. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య దొరికే ఒక్క రోజూ తీసుకెళ్ళి విజయవాడ ఆటోనగర్‌లో పోసేవాణ్ణి. కమాన్ కట్టలకి, అదే బరువు మోసే స్ప్రింగులకి, ఒక షెడ్డు, లేత్‌కి ఒక షెడ్డు, రేడియేటర్‌కి ఇంకోటి, ఎలక్ట్రీషియన్ ఇంకో వీధిలో, పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి పదింటికి ఇంటికి. మీరు పడుకునుండేవాళ్ళు, తెల్లారి మీరు లేచేసరికి నేను లోడింగులో. మీ అక్కని చూసుకోటానికి వచ్చినోళ్ళు మధ్యాహ్నం పన్నెండింటికి వస్తే నేను గ్రీజు చేతుల్తో రెండింటికి వచ్చా, గుర్తుందా? బండికి టైం లేదన్నప్పుడు బండి చెడింది, బండికి టైం ఇచ్చినప్పుడు అది మీ టైమే. నువ్వు ఆ రెండూ చెయ్యకూడదనే నా బాధ. పాప యూకేజీకి వచ్చింది, నువ్వు ఇంటికొచ్చిన రోజు అది బడి నుంచి పరిగెత్తుకుంటూ వస్తుంది, ఆ రోజు నువ్వు ఆటోనగర్‌లో ఉండకూడదు.

ఇంకొకటి, కొత్త బండి కదా నాన్నా ఏం కాదులే అంటున్నావు. చిక్కంతా అక్కడే ఉంది. నా 1210కి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరగ్గానే ఇంజనాయిల్ మార్చాల్సిందే, మార్చటానికి బండి కిందకి దూరాల్సిందే, దూరాక ఎలాగూ పడుకున్నాం కదా అని ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు పట్టుకుని ఊపి చూసేవాళ్ళం, యూబోల్టులు తట్టి చూసేవాళ్ళం, కమాన్‌లో ఏ ఆకైనా విరిగిందేమో చూసేవాళ్ళం. ఇప్పుడు కొత్త పొగ రూల్సు ప్రకారం చేసిన మన బీఎస్6 బండికి ఆయిల్ మార్పు దానికి ఎన్నో రెట్లు దూరం పోయింది. మంచిదే, కానీ ఆయిల్‌తో పాటు జరిగే ఆ చూపులన్నీ కూడా దూరం పోయినాయి, బండి కిందకి దూరే మనిషే లేడు. ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కూడా అంతే, ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారే, నా పాత బండిని ఏటా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సి వచ్చేది, తిట్టుకునేవాళ్ళం గానీ దాని వంకనైనా ఏడాదికోసారి లైనర్లు, పైపులు అన్నీ బయటపడేవి. స్లాక్ అడ్జస్టర్ ఆటోమేటిక్ అంటావు, ఆటోమేటిక్ అయినా దానికి గ్రీజు కావాలి కదరా.

పైగా మనది చేపల లోడు. కైకలూరులో ఐసు కొట్టి ఎక్కిస్తే హౌరా దాకా ఆ నీళ్ళు కారుతూనే ఉంటాయి, ఛాసిస్ మీద, బ్రేకు పైపుల మీద, వెనక హబ్బుల మీద. సిమెంటు తోలే బండికీ మనకీ అదే తేడా. మొన్న నువ్వు ఇంటి ముందు పెట్టినప్పుడు టార్చి వేసి చూశా, వెనక క్రాస్ మెంబర్ దగ్గర రంగు పొంగింది, గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఇప్పుడే కడిగి, గీకి, తుప్పు పట్టనీయని రెడాక్సైడ్ రంగు కొడితే ఆగుద్ది. వదిలేస్తే ఇంకో మూడేళ్ళకి వెల్డింగు పెట్టాల్సి వస్తుంది.

అందుకని నేను ఒకటి అనుకున్నా, విని కాదనకు.

నేను స్టీరింగ్ దిగి రెండేళ్ళయింది. మోకాళ్ళు క్లచ్‌కి పనికిరావు గానీ చేతులు బానే ఉన్నాయి, కళ్ళు బానే ఉన్నాయి. పొద్దున టీ తాగి పేపరు చూసి అరుగు మీద కూర్చుంటే పదింటికి ఇంకేం చెయ్యాలో తోచదు. బస్టాండు వైపు నడిచి ఎవరి బండో ఆగితే దాని టైర్లు చూసి వస్తున్నా. నలభై ఐదేళ్ళు పరిగెత్తినప్పుడు దొరకని టైం అంతా ఇప్పుడు నా దగ్గర ఉంది, నీ దగ్గర లేదు. నెలకి ఒక్క రోజు బండి నాకివ్వు. నువ్వు ట్రిప్పు దిగి గుడివాడ రాగానే తాళం నాకిచ్చి ఇంటికి పో, స్నానం చేసి పడుకో, సాయంత్రం పాపని బడి నుంచి తీసుకురా, మా కోడల్ని ఎక్కడికైనా తీసుకెళ్ళు. క్లీనరూ నేనూ చూసుకుంటాం. ముందు వాటర్ సర్వీసుకి పెట్టించి కింద నుంచి కడిగిస్తా, చేపల నీళ్ళు ఒక్క చుక్క ఉండకూడదు. తర్వాత కింగ్ పిన్నులు, క్రాసులు, కమాన్ పిన్నులు, స్లాక్ అడ్జస్టర్లు అన్నిటికీ పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనపడేదాకా గ్రీజు గన్ను కొట్టిస్తా. కింద దూరేది క్లీనరే, నేను పక్కన స్టూలేసుకుని టార్చి పట్టుకుంటా, మీ అమ్మకి ఆ మాట ఇచ్చా. గ్రీజు బట్టలు నేనే విడిగా నానబెట్టుకుంటా అని కూడా ఇచ్చా. హబ్బులు విప్పే పని ఉంటే మాత్రం రెండు రోజులు కావాలి, అది దసరాకి బండి కడిగి పూజ చేసే రోజుల్లో, మళ్ళీ సంక్రాంతికి పెట్టుకుందాం, ఎలాగూ అప్పుడు బండి ఆగుద్ది.

నా పాత పుస్తకం బీరువాలో ఉంది, 1991 నుంచి రాసింది, ఏ కిలోమీటరు దగ్గర ఏం మార్చానో. 1996 జనవరికి ముందు రెండు పేజీలు ఖాళీ. నీ బండికి కొత్తది మొదలుపెట్టా, మొదటి పేజీలో బండి నంబరు, ఇంజన్ నంబరు రాసి రెడీగా పెట్టా.

నువ్వు చెయ్యాల్సింది రోజుకి పది నిమిషాలు. అవి ఎక్కడి నుంచి తియ్యాలో కూడా చెప్తా, ఇంటి నుంచి కాదు, నిద్రలోంచి కాదు. కైకలూరులో ముఠా కూలీలు లోడు ఎక్కించేటప్పుడు నాలుగైదు గంటలు నిలబడే ఉంటావుగా, ఫోన్ చూస్తా కూర్చునే టైం అది. రాత్రి బండి పెట్టినచోట పొద్దున నేల మీద ఏమైనా కారిందేమో చూడు, బ్రేకుల ఎయిర్ ట్యాంకు వాల్వు లాగి నీళ్ళు వదులు, వానాకాలం మరీ ముఖ్యం, ట్యాంకులోంచి నీళ్ళు గట్టిగా వస్తున్నాయంటే గాలిలో తడి తీసే ఎయిర్ డ్రయ్యర్ పని అయిపోయిందని అర్థం. జోడు టైర్ల మధ్య రాళ్ళు చూడు. టైర్లు మోగించు. క్లీనర్‌కి నేర్పు, నేను నీకు నేర్పినట్టే కళ్ళు మూయించి నేర్పు.

సరే, హౌరాలో డ్రమ్ము విప్పినప్పుడు లైనర్ ఫోటో దగ్గరగా తీసి పెట్టు, తడిగా మెరుస్తోందో పొడిగా ఉందో నాకు కనపడాలి. సీలు మారిస్తే పాతది పారెయ్యకు, పేపర్లో చుట్టి తీసుకురా, దాని అంచు ఎటు అరిగిందో చూడాలి. పాప పొద్దున లేవగానే నాన్న ఎప్పుడొస్తాడు అని అడిగింది. రోజు చెప్పలేదు నేను, బ్రేకు సంగతి తేలాక నువ్వే ఫోన్ చేసి దానికి చెప్పు.

ఉంటా,
నాన్న