సైకాలజీ చదివే మా పిల్లలకు దారి చెప్పే మనిషి కావాలి
(ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన తెలంగాణ ఉన్నత విద్యామండలి అధ్యక్షులు గారికి,

నమస్కారాలు. నేను నల్గొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో పదిహేడేళ్లుగా సైకాలజీ బోధిస్తున్నాను. మీకు విన్నపం చేసే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. అది నా తప్పే.

2023 నవంబరులో బీఏ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "సార్, సెంట్రల్ యూనివర్సిటీలో సైకాలజీ పీజీ చదవాలంటే దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి?" అని అడిగింది. దేవరకొండ దాటాక వచ్చే ఒక తండా నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. రికార్డు పుస్తకంలో గీత వంకరపోయినా చింపి మళ్లీ రాసే పిల్ల. నేను ఆలోచించకుండా జవాబిచ్చాను: "ఇంకా సమయం ఉందమ్మా. మార్చిలో దరఖాస్తులు వస్తాయి, జూన్‌లో పరీక్ష ఉంటుంది." ఆ ఏడాది అలాగే జరిగింది మరి. 2023లో కేంద్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీకి దరఖాస్తులు మార్చిలో మొదలయ్యాయి, పరీక్ష జూన్‌లో పెట్టారు.

మరుసటి ఏడాది ప్రవేశాలకు మాత్రం దరఖాస్తులు 2023 డిసెంబరు 26నే మొదలయ్యాయి. ఫిబ్రవరిలో గడువు ముగిసింది. మార్చి 11న పరీక్షలు మొదలయ్యాయని పత్రికలో చదివిన రోజు నేను కళాశాలకు వెళ్లాను గాని ఆ తరగతికి వెళ్లలేకపోయాను. సాయంత్రం ఆ అమ్మాయిని పిలిచి చెప్పాను. "పర్వాలేదు సార్, వచ్చే ఏడాది రాస్తాను" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ దరఖాస్తులు నడిచిన వారాలను ఒకసారి మా వైపు నుంచి చూడండి. డిసెంబరు, జనవరి అంటే నల్గొండ, పాలమూరు చేలల్లో పత్తి ఏరే రోజులు. ఆడపిల్లలు సెలవు పెట్టి తల్లితో చేనికి వెళతారు. అదే సమయానికి అయిదో సెమిస్టర్ పరీక్షలు, పాత పేపర్ల సప్లిమెంటరీలు. డిగ్రీ పూర్తయ్యాక కదా పీజీ అన్నది ఇంటింటా ఉన్న నమ్మకం. తల్లిదండ్రులకే కాదు, మాకూ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఇటీవలి ఏళ్లలో వేసవి దాటాక, జూలై, ఆగస్టుల ప్రాంతంలో జరుగుతుండడంతో ఆ నమ్మకం ఇంకా బలపడింది. తర్వాతి ఏళ్లలో కూడా సీయూఈటీ పీజీ దరఖాస్తులు డిసెంబరు, జనవరి నెలల్లోనే వచ్చాయి. డిగ్రీ చేతికి రావడానికి ఆరు నెలల ముందే కేంద్ర విశ్వవిద్యాలయాల తలుపు మూసుకుపోతోంది. ఆ తలుపు ఒకటి ఉందని కూడా తెలియని పిల్లలే మా తరగతుల్లో ఎక్కువ.

ఆ అమ్మాయి సీపీగెట్ రాసింది. చదవడానికి దొరికిన కొద్ది వారాలు చాలలేదు, సీటు రాలేదు. ఇంటి దగ్గర ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, కొంత డబ్బు కూడబెట్టుకుని 2025లో దూరవిద్యలో సైకాలజీ ఎంఏ చేరాలనుకుంది. ఈసారి నేను ముందుగానే అన్నీ కనుక్కోవాలని కూర్చున్నాను. అంతలో 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ సైకాలజీ కోర్సులు ఉండవని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిర్ణయం వెలువడింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి సైకాలజీ వస్తుంది కనుక ఇకపై దాన్ని తరగతి గదిలోనే నేర్పాలన్నారు.

ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. మనసు నలిగిన మనిషి ఎదుట కూర్చోవడం పోస్టులో వచ్చే పుస్తకాలతో పట్టుబడే విద్య కాదు. అయితే మా జిల్లాల ఆడపిల్లలకు పెళ్లి తర్వాత కూడా, ఉద్యోగం చేస్తూ కూడా చదువుకోవడానికి మిగిలిన దారి అదొక్కటే. అది మూసుకున్నాక రెగ్యులర్ పీజీ సీటు ఒక్కటే దిక్కు. ఆ సీటు పోగొట్టుకుంటే వెనక్కి తిరిగి వచ్చి పట్టుకోవడానికి ఇప్పుడేమీ లేదు. అందుకే ఇంతకాలం ఎలాగో నెట్టుకొచ్చిన అజ్ఞానం ఇకమీద చెల్లదని ఈ లేఖ రాస్తున్నాను.

మా విద్యార్థులు సైకాలజీ ఎందుకు తీసుకుంటారో మీకు తెలిసే ఉంటుంది. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వేదిక దోస్త్‌లో సబ్జెక్టుల కూర్పు ఎంచుకునేటప్పుడు ఎవరో ఒకరు "టెట్‌కు పనికొస్తుంది" అని చెబుతారు. శిశు వికాసంలో మార్కులు వస్తాయని, బీఎడ్‌కు సాయపడుతుందని తీసుకుంటారు. అది తప్పేమీ కాదు. కానీ రెండో సంవత్సరానికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ముగ్గురో నలుగురో పిల్లల కళ్లలో వేరే వెలుగు కనిపిస్తుంది. వాళ్ల ఇంట్లోనే ఎవరో తాగుడుకు బానిసైన నాన్న ఉంటాడు. పురుగుమందు తాగి బతికి బయటపడిన అక్క ఉంటుంది. మాటలు రాని తమ్ముడు ఉంటాడు. ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పగలిగే పేర్లు పాఠంలో మొదటిసారి దొరుకుతాయి వాళ్లకు. "సార్, నేను సైకాలజిస్టును అవుతాను" అని అప్పుడు అంటారు.

ఆ మాట అన్న రోజున వాళ్లకు ఎవరైనా సరైన పటం చేతికివ్వాలి. ఇప్పుడు ఎవరూ ఇవ్వడం లేదు. బీఏ అయ్యాక మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేస్తే గుమ్మానికి బోర్డు పెట్టుకోవచ్చనుకునే వాళ్లు ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచించింది. అందులోని ఒక దారి ప్రకారం సైకాలజీలో పీజీ ఉండాలి. ఆపైన భారత పునరావాస మండలి ఆమోదించిన సంస్థలో రెండేళ్ల పూర్తికాల శిక్షణ, రోగుల మధ్య పర్యవేక్షణతో కూడిన ఎం.ఫిల్ ఉండాలి. ఎం.ఫిల్ డిగ్రీనే యూజీసీ తీసేసింది. క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025-26 వరకు గడువు ఇచ్చింది. దానికి బదులుగా కొత్త పేర్లతో కోర్సులు వస్తున్నాయి. నిబంధనలు ఏడాదికొకలా మారుతున్న ఈ కాలంలో, నాలుగేళ్ల క్రితం చదివిన సీనియర్ చెప్పిన మాట నమ్మి నడిస్తే పిల్లలు గోతిలో పడతారు. నన్ను నమ్మిన అమ్మాయి పడినట్టే.

క్లినికల్ ఒక్కటే సైకాలజీ కాదని కూడా ఎవరో చెప్పాలి. మేధో వైకల్యం ఉన్న పిల్లలతో పనిచేయాలనుకునే వారికి సికింద్రాబాద్‌లోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్య సైకాలజీకి ఒక కేంద్రం, మెదడు, జ్ఞాన శాస్త్రాలకు ఇంకొక కేంద్రం ఉన్నాయి. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడు పరిశోధన వైపు వెళ్లవచ్చు. ఊరి మనుషుల మధ్య తిరగడం ఇష్టమున్న అమ్మాయికి సోషల్ వర్క్‌లో పీజీ ఇంకా బాగా నప్పవచ్చు. ఎవరికి ఏది నప్పుతుందో అరగంట కూర్చుని మాట్లాడితే తెలుస్తుంది. ఆ అరగంట ఇచ్చే బాధ్యత కళాశాలలో ఎవరిదీ కాదు.

సమాచారం అంతా ఫోనులో ఉంది కదా అని కొందరు పెద్దలు అంటారు. ఉంది. పది పేజీల ఇంగ్లీషు నోటిఫికేషన్‌గా ఉంది. ఏ పేరుతో వెతకాలో తెలిసిన వాడికి ఉంది. మా కళాశాలల్లో నైపుణ్య కేంద్రాలు కూడా ఉన్నాయి, కంప్యూటర్, ఇంటర్వ్యూ శిక్షణలో వాటి పని మంచిదే. అవి డిగ్రీతో ఉద్యోగానికి వెళ్లే వారి కోసం ఏర్పడ్డాయి. పై చదువుకు వెళ్లవలసిన పిల్లకు అక్కడ సమాధానం దొరకదు.

పరీక్ష గురించి కూడా ఒక మాట. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. సైకాలజీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది. తెలుగులో చదువుకున్న మా పిల్లలకు పునర్బలనం (బహుమానం దొరికిన పనిని మళ్లీ మళ్లీ చేయడం) అంటే ఏమిటో బాగా తెలుసు. పావురం ఉదాహరణ చెప్పమంటే చెబుతారు, తండాలో మేకపిల్ల ఉదాహరణ కూడా సొంతంగా కలుపుతారు. అదే భావన 'రీఇన్‌ఫోర్స్‌మెంట్' అన్న పేరుతో ఎదురైతే కొత్త మనిషిని చూసినట్టు చూస్తారు. మూర్తిమత్వం, అభ్యసనం, ప్రజ్ఞ, అన్నిటికీ ఇదే గతి. ఇది తెలివి తక్కువై కాదు. రెండు భాషల మధ్య వంతెన వేసే నాలుగు వందల పదాల పట్టిక ఒకటి చేతిలో ఉంటే రెండు నెలల్లో దాటే వాగు అది. నేను ఒక పట్టిక తయారు చేసి నా తరగతికి ఇస్తున్నాను. మండలి తలచుకుంటే పండితులతో సరిచూపించి ప్రతి కళాశాలకూ పంపగలదు.

పదో తరగతితో లెక్కలకు దణ్ణం పెట్టి ఆర్ట్స్‌లోకి వచ్చిన పిల్లలకు గణాంకాలు ఇంకో భయం. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం మీద ప్రశ్నలు వస్తాయని తెలిసేసరికి ఆఖరి సెమిస్టర్ అయిపోతుంది. రెండో ఏడాదిలో వారానికి ఒక గంట కేటాయిస్తే చాలు. మా ఊరి బియ్యం మిల్లులో బస్తాల తూకం తీసుకుని నేను ప్రామాణిక విచలనం చెబుతాను. ఆ రోజు క్లాసులో నిద్రపోయేవాడు ఉండడు.

సిఫార్సు లేఖల సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. విదేశీ విశ్వవిద్యాలయాలకే కాక ఇక్కడి కొన్ని సంస్థలకూ ఆ లేఖలు కావాలి. మేమిచ్చేవి ఎలా ఉంటాయి? "ఈమె క్రమశిక్షణ గల విద్యార్థిని, నడవడిక మంచిది." పేరు మార్చి అందరికీ అదే. విద్యార్థి ఏదైనా స్వయంగా చేసి ఉంటే గదా రాయడానికి ఉంటుంది! ఒక చిన్న సర్వే, ఒక పిల్లవాడిని మూడు నెలలు గమనించి రాసిన నివేదిక, ఏదో ఒకటి. దానికి అవకాశాలు మా చుట్టూనే ఉన్నాయి. నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ఊరూరా అంగన్‌వాడీలు ఉన్నాయి. అధికారిక అనుమతి పత్రం లేనిదే అక్కడి వారు మా విద్యార్థులను లోపలికి రానివ్వరు, రానివ్వకపోవడం న్యాయమే. విద్యామండలి, వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే పదిహేను రోజుల క్షేత్ర పరిశీలన ప్రతి సైకాలజీ విద్యార్థికీ దక్కుతుంది. రోగుల గోప్యతకు భంగం కలగని విధంగా, చూసి నేర్చుకోవడం వరకే.

విదేశీ చదువు గురించి ఎక్కువ రాయను, మా దగ్గర అడిగేవారు తక్కువ. వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాష్ట్రం విదేశీ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తోందని, అది ఇంజనీరింగ్ వారికే కాదని, సామాజిక శాస్త్రాలు చదివేవారు కూడా అడగవచ్చని మా పిల్లలకు తెలియాలి. అంతే.

అయ్యా, ఈ లేఖలో నేను కొత్త భవనం అడగడం లేదు. ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో సైకాలజీ ఉన్న డిగ్రీ కళాశాలలన్నిటికీ కలిపి జిల్లాకొక సలహా అధ్యాపకుడిని నియమించండి. ఉన్న అధ్యాపకుల్లోనే ఒకరికి అప్పగించినా చాలు. కాని అతని వారపు తరగతుల్లో కొన్ని తగ్గించి, ఆ గంటలను ఈ పనికే రాసిపెట్టండి. ఇప్పుడు మాలో ఒక్కొక్కరం దోస్త్ పరిశీలన, పరీక్షల విధులు, కళాశాలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ ఫైళ్లు, ఓటరు జాబితా అన్నీ చూసుకున్నాక మిగిలిన సమయంలో పిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడుతున్నాం. మిగిలిన సమయం ఉండదు. ఆ సలహాదారు మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో కూర్చోవచ్చు. ఏడాదికి రెండుసార్లు ప్రతి కళాశాలకూ రావాలి. మొదటిసారి రెండో ఏడాది పిల్లల కోసం, రెండోసారి దరఖాస్తులు మొదలవక ముందు చివరి ఏడాది పిల్లల కోసం.

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు. అయినా చందంపేటలోనో అచ్చంపేటలోనో అర్ధరాత్రి ఎవరైనా ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే, వారి మాట, వారి యాస, వారి అప్పు, వారి బోరుబావి అర్థమయ్యే మనిషి అటువైపు ఉంటే ఎంత బాగుంటుందో మీరే ఊహించండి. ఆ మనిషి మా తరగతి గదుల్లో మూడో బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో అతనికి తెలియదు.

తక్షణం చేయగలిగింది ఒకటుంది. వచ్చే ఏడాది సైకాలజీ పీజీ ప్రవేశాల తేదీలు, అర్హతలు, ఫీజు రాయితీలు, కావలసిన ధ్రువపత్రాలు అన్నీ ఒకే కాగితం మీద, తెలుగులో, అక్టోబరు నెలాఖరుకల్లా ప్రతి డిగ్రీ కళాశాల నోటీసు బోర్డుకు చేరేలా ఒక సర్క్యులర్ ఇవ్వండి. తేదీలు ఇంకా ప్రకటించకపోతే కిందటేడు తేదీలు వేసి, "ఇవి మారవచ్చు, డిసెంబరు నుంచి ప్రతి వారం చూడండి" అని రాయించండి. ఆ కాగితం రాగానే నేను మొదట ఆ అమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. ఆమె ఇంకా పుస్తకాలు దాచుకునే ఉంది.

భవదీయుడు,
ఒక సైకాలజీ అధ్యాపకుడు,
నల్గొండ జిల్లా